సందేహం ఎవరిది?

కిందటి వారం చిన్నక్కను బడి గేటు దగ్గర వదిలేసి వచ్చాం. లోపలికి వెళ్ళడమా, తిరిగి లాండ్రీకి పోవడమా అని ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనక్కూ వేస్తూ నిలబడి ఉంది పాపం.

ఇప్పుడే కథలోకి వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఆ బడిలో ఏడో తరగతి లెక్కల మాస్టారు చదువును తిరగేశారు. పాఠమంతా ముందే వీడియో తీసి, మధ్యాహ్నానికల్లా తల్లిదండ్రుల ఫోన్లకు లింకు పంపిస్తారు. పిల్లలు పాఠం ఇంట్లో చూసుకుని, ఇంట్లో చెయ్యాల్సిన లెక్కలు బడికొచ్చి చేస్తారు. క్లాసులో అడుగు పెట్టాలంటే ఒకటే టికెట్టు. చూసిన పాఠంలోంచి ఒక సందేహం పట్టుకురావాలి. చిన్నక్క కూతురు పట్టుకొచ్చే సందేహాలకు మొదట చప్పట్లు పడ్డాయి. తర్వాత కళ్ళు పడ్డాయి. బక్కగా, చలాకీగా ఉంటుందని అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పిల్లకు ఇంట్లో ఎవరో ట్యూషన్ చెబుతున్నారనీ, సందేహాలు కూడా వాళ్ళే అల్లి ఇస్తున్నారనీ మాట పుట్టింది. ట్యూషన్ పెట్టించుకునే పిల్లలకు ఈ క్లాసులో చోటు లేదన్నది మొదట్లోనే పెట్టిన షరతు. అదేమిటో తేల్చేద్దాం రమ్మని హెడ్ మేడం కబురు పంపారు. తేలితే పిచ్చుక వెనక బిల్డింగులోని పాత సెక్షన్‌కు పోవాలి.

ఆ సందేహాలన్నీ చిన్నక్కవే. ఆ సంగతి తల్లికీ కూతురికీ, మనకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ముందుకు వేసిన కాలే గెలిచింది. చిన్నక్క లోపలికి నడిచింది.

మీటింగు పిల్లల క్లాసులోనే పెట్టారు. ఈ మాస్టారి గదిలో బెంచీలు బోర్డుకేసి వరసగా ఉండవు. నాలుగేసి బల్లలు మొహాలు చూసుకుంటూ గుంపులు గుంపులుగా ఉంటాయి. పిల్లల బల్లల్లో ఇరుక్కుని పెద్దవాళ్ళు మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడుతున్నారు. అందరికంటే ఎక్కువ అవస్థ మందుల షాపాయనది. భారీ మనిషి. బల్ల ఆయన్ని కౌగిలించుకున్నట్టుంది.

చిన్నక్క చివర గుంపులో ఖాళీగా ఉన్న బెంచీ మీద అంచున కూర్చుంది. లాండ్రీ నుంచి నేరుగా వచ్చింది. ఒంటికి ఇంకా ఆవిరి వాసన వదల్లేదు. మోచేతి కింద పొద్దున అంటుకున్న ఇస్త్రీపెట్టె వాత ఎర్రగా కనబడుతోంది. దాని మీదకి కొంగు లాక్కుంది.

లాండ్రీలో తనతోపాటు ఇస్త్రీ చేసే పెద్దక్క పొద్దున్నే చెప్పి పంపింది. "వెళ్ళు, కూర్చో, తలూపు, వచ్చెయ్. నోరు తెరిచావంటే నీ కూతురి కొంప నువ్వే ముంచినట్టు. చదువుకున్నవాళ్ళ మధ్య మనం మాట్లాడితే మన మాట మనకే అడ్డం తిరుగుతుంది."

తలూపి వచ్చేద్దామనే అనుకుంది చిన్నక్క. ఒట్టు.

మందుల షాపాయన అప్పటికే ఊపు మీదున్నాడు.

"మా కాలంలో పాఠం మాస్టారు చెప్పేవాడు, హోంవర్క్ మేం చేసేవాళ్ళం. ఇప్పుడు పాఠం నేను దగ్గర కూర్చుని వినిపిస్తున్నాను, హోంవర్క్ వీళ్ళు బడిలో చేస్తున్నారు. రేపు పరీక్షలు కూడా మా షాపులోనే పెడతారా సార్? ముందే చెప్పండి, కౌంటరు ఖాళీ చేయించుకుంటాను."

అందరూ నవ్వారు. లెక్కల మాస్టారు కూడా నవ్వారు. కుర్రాడు. చొక్కా జేబులో పెన్నుండాల్సిన చోట సుద్దముక్క ఉంటుంది. జేబు కింద ఎప్పుడూ తెల్లగా ఒక మరక.

"పాఠం వినడానికి తోడు అక్కర్లేదండీ. ఎక్కడ కాలికి తట్టుకుందో అక్కడ కావాలి తోడు. తట్టుకునేది లెక్క చేసేటప్పుడే. ఆ టైములో మీవాడి పక్కన నేనుండాలా, మీ టీవీ ఉండాలా?"

"తట్టుకుంటే బాగానే ఉండును. మావాడు తట్టుకోడానికి నడిస్తేగా! మొన్న వాడు తెచ్చిన సందేహం ఏంటో చెప్పమంటారా? వీడియోలో మీ వెనకనుంచి వెళ్ళిన పిల్లి మీదేనా అని."

"మాది కాదండీ. పక్కింటివాళ్ళది. రోజూ వచ్చి వింటుంది. ఇంతవరకూ ఒక్క సందేహమూ అడగలేదు."

ఈసారి హెడ్ మేడం పెదవి కూడా కదిలింది. వెంటనే సర్దుకున్నారు. ఆవిడ గట్టిగా అరవరు. ఎదుటివాళ్ళు మాట్లాడడం పూర్తయ్యాక ఇంకో క్షణం ఆగి మాట్లాడతారు. ఆ క్షణానికే పిల్లలు వణికిపోతారు, పెద్దవాళ్ళూ అంతే.

"సరే. అసలు విషయానికి వద్దాం," అన్నారు ఆవిడ.

"అసలు విషయం అదేనండీ," మందుల షాపాయన బల్లలోంచి కొంచెం లేచి, లేవలేక మళ్ళీ కూలబడ్డాడు. "పన్నెండేళ్ళ పిల్లలంటే పిల్లి గురించే అడుగుతారు. కానీ ఆ అమ్మాయి అడిగిందేంటి? గోరంత త్రిభుజానికీ, గోడంత త్రిభుజానికీ మూడు కోణాలూ కలిపితే ఒకటే లెక్క వస్తే, మరి పెరిగిందేంటి సార్ అని! మావాడు ఇంటికొచ్చి నన్నడిగాడు. నాకు అన్నం సయించలేదు. అది పిల్లకు పుట్టే మాటా? ఎవరో బాగా పండినవాళ్ళు వెనక కూర్చుని ఎక్కిస్తున్నారు. మా పిల్లలు చేతకానివాళ్ళలాగా నోరెళ్ళబెట్టి చూస్తున్నారు. ఇది న్యాయమా?"

హెడ్ మేడం చూపు గుంపులన్నిటి మీదా తిరిగి చివరి బెంచీ దగ్గర ఆగింది.

"పిచ్చుక వాళ్ళమ్మగారు మీరేనా? మీ అమ్మాయికి ట్యూషన్ ఎవరు చెబుతున్నారు?"

చిన్నక్క లేచి నిలబడింది.

"ట్యూషన్ లేదండీ."

"మరి ఆ సందేహాలు ఎవరివి?"

పెద్దక్క మాట చెవిలో జోరీగలా మోగింది. తలూపు, వచ్చెయ్. ఏమీ తెలియదంటే సరిపోతుంది. పిల్ల సొంతంగానే అడుగుతోందనుకుంటారు. నమ్మకపోతే? వెనక బిల్డింగు. ఆ సెక్షన్ కిటికీ పక్కనుంచి చిన్నక్క ఎన్నోసార్లు నడిచింది. లోపల ఒక గొంతు చదువుతుంటుంది, నలభై తలలు వంగి రాస్తుంటాయి. ఎవరి తలా పైకి లేవదు. రేపటినుంచి ఆ తలల్లో పిచ్చుక తలా ఒకటి. పిల్లకు జ్వరం వస్తే భయం, రోడ్డు దాటుతుంటే భయం, గట్టిగా దగ్గితే భయం. తల్లయినప్పటినుంచీ చిన్నక్కకు భయపడడమే పెద్ద పని. కానీ ఇంతసేపూ తనను వణికించిన భయమే, ఆ వంగిన తలలు గుర్తుకొచ్చేసరికి ఎలా మారిందో ఏమో, అరికాలి మంటై నెత్తికెక్కింది.

"నావండీ," అంది.

ఏదో మూల నుంచి కిసుక్కున నవ్వు.

"అర్థం కాలేదు," అన్నారు హెడ్ మేడం.

"ఆ సందేహాలు నావి. గోడంత త్రిభుజం నాదే. అంతకుముందు అడిగినవీ నావే. నేనే దానికి చెప్పి పంపించాను."

మందుల షాపాయన మెడ తిప్పి చూశాడు. వెటకారం లేదు ఆ చూపులో, నిజంగానే ఆశ్చర్యం. "ఏమనుకోకమ్మా, నువ్వేం చదువుకున్నావు?"

"ఎనిమిది. అదీ సగంలో ఆపించేశారు." ఎప్పుడూ ఈ మాట దగ్గర చిన్నక్క గొంతు తగ్గేది. ఇవాళ తగ్గలేదు. "బోర్డు మీద త్రిభుజం గీసి, రెండు కోణాలు రాసి, మూడోది చెప్పమన్నారు టీచరుగారు. నేను వేళ్ళు మడుస్తున్నాను. ఇంతలో మా నాన్న గుమ్మంలోకి వచ్చి రమ్మన్నాడు. తమ్ముడు పుట్టాడు, ఎత్తుకునేవాళ్ళు కావాలి. వెళ్ళిపోయాను. ఆ మూడో కోణం ఎంతో మొన్న ఈ మాస్టారు చెప్పేదాకా నాకు తెలీదు. తమ్ముడికి పెళ్ళీడు వచ్చింది, నాకు కోణం ఇప్పుడొచ్చింది."

ఎవరూ నవ్వలేదు.

"ఉండేది ఒకటే ఫోనండీ. అది నా దగ్గరుంటుంది. మధ్యాహ్నం పాఠం వస్తుంది. వీడియో ఆడుతోందో లేదో చూద్దామని మొదటిరోజు నొక్కాను. ఆడింది. ఆపబుద్ధి కాలేదు. నీళ్ళు చల్లే సీసాకు ఆనించి పెట్టుకుని, చొక్కాల కాలర్లు చేసేటప్పుడు వింటాను, చేతులు చేసేటప్పుడు చూస్తాను. అర్థం కాకపోతే వెనక్కి జరిపి మళ్ళీ పెట్టుకుంటాను. వెనక్కి జరిపినందుకు ఈ మాస్టారు నన్ను కసురుకోరు కదా! ఇంటికెళ్ళాక కూరలు తరుగుతూ మా అమ్మాయికి చెప్పుకుంటాను, ఇవాళ ఇదీ సంగతి, ఇదిగో ఇక్కడ నాకు ముడి పడింది అని. అది ఆ ముడి పట్టుకుని బడికొస్తుంది. సాయంత్రం విప్పి తెచ్చి నాకు చెబుతుంది. ఇంతే."

"అంటే కోచింగే కదా," అంది బ్యాంకులో పనిచేసే ఒకావిడ, ముందు గుంపులోంచి.

"కోచింగంటే తెలిసినవాళ్ళు చెప్పేదండీ!" చిన్నక్క గొంతు లేచింది. "నాకు తెలిస్తే కదా చెప్పడానికి. నా కూతురు నా దగ్గర్నుంచి మోసుకొస్తున్నది తెలివి కాదు, నా తెలియనితనం. తెలిసినవాళ్ళ పిల్లలు తెలిసింది తెచ్చుకోవచ్చు. తెలియనివాళ్ళ పిల్లలు తెలియంది తెచ్చుకుంటే తప్పా? అది తప్పయితే ఆ శిక్ష నాకు వెయ్యండి. దాన్ని ఎందుకు పంపుతారు వెనక బిల్డింగుకి?"

అన్నాక కాళ్ళు వణకడం మొదలుపెట్టాయి. మాట ముందు వెళ్ళిపోయింది, వణుకు వెనకొచ్చింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. కూర్చోలేదు.

హెడ్ మేడం తన అలవాటు ప్రకారం ఆగారు. తర్వాత అన్నారు:

"అయితే ఈ వారం పాఠంలోంచి ఒకటి అడగండి. ఇప్పుడే."

పరీక్ష పెడుతున్నారో, అవకాశమిస్తున్నారో ఆవిడ మొహం చూస్తే తెలియలేదు. మాస్టారు మాత్రం గోడకు ఆనుకున్నవారల్లా నిటారుగా నిలబడ్డారు.

ఈ వారం పాఠం వృత్తం చుట్టుకొలత. చిన్నక్క గొంతు సవరించుకుంది.

"గుండ్రంగా ఉన్నదేదైనా సరే, చుట్టూ కొలిస్తే, మధ్యలోంచి అడ్డంగా కొలిచినదానికి మూడింతలూ ఇంకొంచెమూ వస్తుందన్నారు సార్. ఆ ఇంకొంచెం ఎంతో రాస్తూ పోతే అంతు ఉండదన్నారు, ఎంత రాసినా అయిపోదట. సరే అనుకున్నాను. గుండీల డబ్బా మూత చుట్టూ దారం చుట్టి చూశాను. చుట్టు పూర్తయిన చోట దారం తుంచాను. అయిపోయింది కదా! చేతిలో పట్టుకుంటే రెండు కొసలూ కనబడుతున్నాయి. రాస్తే అయిపోనిది, తుంచితే ఎలా అయిపోయింది?"

"మంచి ముడి," అన్నారు మాస్టారు. అని ఊరుకున్నారు.

"చెప్పండి మరి," అన్నాడు మందుల షాపాయన.

"ఈ గదిలో నేను చెప్పనండీ. గుంపులో తేల్చుకోవాలి. మీకు ఐదు నిమిషాలు."

"మాకా?"

"మీకే. మీరు కూర్చున్నది ఆ బల్లల్లోనే కదా."

బ్యాంకు ఆవిడ ఉండబట్టలేక, "దారం సాగుతుంది, అందుకే లెక్క తేడా," అంది. "సాగితే మాత్రం అంతు లేకుండా సాగుతుందా అండీ? రబ్బరా?" అన్నాడు మందుల షాపాయన. "మీరు చెప్పండి మరి!" "చెబుతా, ఉండండి. ఆ చెత్తబుట్ట ఇటివ్వండి ఎవరైనా." చెత్తబుట్ట చేతులు మారింది. ఎవరో మెడలోని ఐడీ కార్డు తాడు ఊడదీసి ఇచ్చారు. భారీ మనిషి బల్ల కౌగిలి విడిపించుకుని నేల మీద మోకాళ్ళేసుకున్నాడు. తాడు బుట్ట చుట్టూ తిప్పాడు, గుర్తు పెట్టాడు, దాన్నే బుట్ట మూతి మీద అడ్డంగా పరిచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. కొంచెం మిగిలింది. మిగిలిన ముక్కను మడిచి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ మిగిలింది.

గది గదంతా గోలగా ఉంది. వరండాలో ఆడుకుంటున్న పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతూ లోపలికి చూశారు. అమ్మానాన్నలు దెబ్బలాడుకుంటున్నారు, అదీ చెత్తబుట్ట కోసం! "నాన్నా, మూతి దగ్గర కాదు, అడుగున పెట్టు!" అని అరిచాడు పిల్లి సందేహం కుర్రాడు.

మందుల షాపాయన మిగిలిన ముక్కను ఇంకోసారి మడిచి పెట్టి చూశాడు. తర్వాత చిన్నక్క వైపు తిరిగాడు. మొహంలో ఇందాకటి మనిషి లేడు.

"అమ్మా, నీ దారం అయిపోతుంది. దానికేం రోగం లేదు. దాన్ని ఈ అడ్డం కొలతతోనే కొలవాలని పట్టుబడితేనే పేచీ. ఆ అడ్డాన్ని సమానంగా ఎన్ని ముక్కలు చేసి కొలిచినా సరిగ్గా కుదరదు, ఎప్పుడూ పిసరు మిగులుతూనే ఉంటుంది. అయిపోనిది దారం కాదు. మనం రాసుకోవడం. అంతేనా సార్?"

"దాదాపు అంతేనండీ," అన్నారు మాస్టారు. నవ్వు ఆపుకోలేకపోతున్నారు.

"నాకు సగం అర్థమైంది," అంది చిన్నక్క నిజాయితీగా.

"నాకూ సగమే అయిందమ్మా. మిగతా సగం ఇంటికెళ్ళి వీడియో చూడాలి." ఆయన మోకాళ్ళు దులుపుకుంటూ లేచాడు. "మేడం, ట్యూషన్ సంగతి నేను వెనక్కి తీసుకుంటున్నాను."

చిన్నక్కకు ఊపిరి తిరిగింది. అయిపోయింది. గెలిచింది. పెద్దక్కకు చెప్పాలి ఈ కథంతా.

హెడ్ మేడం మళ్ళీ ఆ ఒక్క క్షణం ఆగారు.

"ట్యూషన్ లేదు. ఒప్పుకుంటున్నాను. కానీ షరతు ఇంకోటుంది. పాఠం పిల్ల చూడాలి. సందేహం పిల్లకు రావాలి. ఇంతసేపూ మీ సందేహం విన్నాం. మీ అమ్మాయిదేది?"

చిన్నక్క కిటికీ ఊచల మధ్య పిచ్చుక కోసం వెతికింది. ఇన్నాళ్ళలో ఒక్కసారైనా, నీకెక్కడ ముడి పడిందమ్మా అని పిల్లను అడిగిందా తను?

"లోపలికి రా పిచ్చుకా," అన్నారు మాస్టారు.

పిల్ల కిటికీ వదిలి గుమ్మంలోంచి వచ్చింది. జడ సగం ఊడిపోయింది. తల్లి పక్కన నిలబడి, తల్లి చెయ్యి పట్టుకోకుండా, కొంగు కొస పట్టుకుంది.

"ఈ వారం పాఠం చూశావా?" హెడ్ మేడం గొంతు మెత్తగానే ఉంది.

పిచ్చుక నేల చూసింది.

"చూసిందండీ," అంది చిన్నక్క గబగబా. "రోజూ చూస్తుంది. ఇంటికెళ్ళగానే ఫోను చేతికిస్తాను. చెవుల్లో తీగలు పెట్టుకుని గోడకానుకుని కూర్చుంటే కదలదు. పిలిచినా పలకదు. అంత శ్రద్ధ."

"పిల్లను చెప్పనివ్వండి."

"చూడలేదు మేడం," అంది పిచ్చుక.

"దానికి ముందుది?"

"చూడలేదు."

"ఏది చూశావు?"

"ఒక్కటీ చూడలేదు మేడం."

చిన్నక్క కూతురి భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "ఏం మాట్లాడుతున్నావే? మరి రోజూ ఆ ఫోనులో ఏం చూస్తున్నావు?"

"ఏమీ లేదమ్మా." పిల్ల గొంతు పీలగా వచ్చింది. "ఇంటికొచ్చేసరికి నెట్ అయిపోయి ఉంటుంది. నువ్వు వెనక్కి జరుపుకుని జరుపుకుని చూస్తావు కదా, రోజుకిచ్చేదంతా అక్కడే అయిపోతుంది. గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, పాఠం రాదు. నేనట్లా పట్టుకుని కూర్చుంటాను."

"చెప్పొచ్చు కదే నాతో!"

"చెబితే నువ్వు చూడడం మానేస్తావు."

చెంప మీద కొట్టినా చిన్నక్క అంతగా అదిరిపోయేది కాదు. గోడకానుకుని, ఏమీ లేని ఫోనును మొహానికి దగ్గరగా పట్టుకుని కూర్చున్న పిల్ల కళ్ళ ముందు కనబడింది. ఎంత శ్రద్ధ నా తల్లికి అని మురిసిపోతూ ఎన్ని సాయంత్రాలు వంటింట్లోంచి తొంగి చూసిందో! కూతురి పాఠం తను తినేసింది. ఎంగిలి చేసి పెట్టింది.

"మరి లెక్కలన్నీ ఎలా చేస్తున్నావు?" మాస్టారు ముందుకొచ్చి పిల్ల ముందు గొంతుక్కూర్చున్నారు. "క్లాసులో నువ్వు ఎప్పుడూ ఆగిపోలేదు. పాఠం ఎక్కడ విన్నావు?"

"అమ్మ చెబుతుంది కదా సార్. కూరలు తరుగుతూ." ఇంత చిన్న విషయం ఈయనకు ఎందుకు తెలియలేదా అన్నట్టు చూసింది పిచ్చుక. "మీరు చెప్పినట్టే చెబుతుంది. మీకంటే కొంచెం మెల్లగా."



బ్యాంకు ఆవిడ కళ్ళు ఒత్తుకుంది. కానీ హెడ్ మేడం కుర్చీలోంచి లేచారు.

"అందరి ముందూ పెట్టిన షరతు ఇది. పాఠం చూడని పిల్ల ఈ క్లాసులో ఉండకూడదు. ఒకరికి సడలిస్తే రేపు అందరికీ సడలించాలి. ఇంట్లో చూసే వీలు లేని పిల్లలకు ఈ పద్ధతి పనికిరాదు. రేపటినుంచి వెనక సెక్షన్..."

"నాదొక సందేహం ఉంది మేడం," అంది పిచ్చుక.

పెద్దవాళ్ళ మాటకు అడ్డొచ్చినందుకు చిన్నక్క అలవాటుగా పిల్లను గిల్లబోయి, ఆగిపోయింది.

"నేను చూస్తే అమ్మ చూడ్డానికి ఉండదు. అమ్మ చూస్తే నేను చూడ్డానికి ఉండదు. అమ్మకి చెప్పడానికి ఏ బడీ లేదు. మరి ఎవరు చూడాలి?"

ఎవరూ ఐదు నిమిషాలు అడగలేదు. ఎవరూ చెత్తబుట్ట తెమ్మనలేదు.

అప్పటిదాకా బల్ల అంచు పట్టుకునే నిలబడి ఉంది చిన్నక్క. ఇప్పుడు వదిలింది. సంచిలోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టింది. పిచ్చుకను చెయ్యి పట్టుకుని కిటికీ పక్క గుంపులో, ఆ పిల్ల రోజూ కూర్చునే చోట కూర్చోబెట్టింది. పక్కన తను ఇరుక్కుని కూర్చుంది.

"ఇద్దరం చూస్తామండీ. బడికి నెట్ ఉంది కదా, ఆఫీసు గది కంప్యూటర్లో బొమ్మలు కూడా పరిగెడుతున్నాయి, వచ్చేటప్పుడు చూశాను. గంట కొట్టకముందే వస్తాం. ఏ మూలైనా చాలు, వరండా అయినా సరే. ఇంట్లో చూడ్డానికి లేనివాళ్ళు నా కూతురొక్కతేనా? పిల్లి గురించి అడిగేవాళ్ళలో ఎంతమంది పాఠం చూడక ఏదో ఒకటి అడుగుతున్నారో మీరు కనుక్కున్నారా? ఇంట్లో లేదని బయటకు పంపడం కాదు మేడం, లేనిది బడి పెట్టాలి. మీరు ఊ అనేదాకా మేమిక్కడే కూర్చుంటాం. లేపేవాళ్ళు ఎవరో రండి, చూస్తాను."

వణుకు ఈసారి వెనక కూడా రాలేదు.

హెడ్ మేడం మొహం ఎర్రబడింది. "మీతో కాదు మాట్లాడాల్సింది. పిల్ల తండ్రితో మాట్లాడతాను," అని తన సెల్ తీసి, ఏదో వెతికి, నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నారు.

బల్ల మీద చిన్నక్క ఫోను గణగణమని మోగింది.

గదిలో ఉన్నవాళ్ళందరూ దాన్నే చూశారు. మందుల షాపాయన ఫక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. చిన్నక్క తొణక్కుండా ఫోను తీసింది.

"చెప్పండి మేడం. ఆయన లారీ మీద వెళ్ళారు, వారం దాకా రారు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోనని ఇందాకే చెప్పాను. నేనే మాట్లాడుతున్నాను."

హెడ్ మేడం ఫోను పెట్టెయ్యలేదు. చెవి దగ్గరే ఉంచుకుని, అందరికీ వీపు పెట్టి మెల్లగా కిటికీ వైపు తిరిగారు. తర్వాత వచ్చిన మాట గదిలో ఎవరికీ వినబడలేదు. చిన్నక్క చెవిలోనే పడింది. అది ఇందాకటి గొంతు కాదు.

"ఆ బెంచీ మీంచి లేవకు. రేపు పొద్దున బడిని నడిపే కమిటీవాళ్ళు వస్తున్నారు, ఈ క్లాసు మొత్తం ఎత్తేసి మాస్టారిని పంపించెయ్యడానికి. పాఠం చూడని పిల్ల ఒక్కతె దొరికితే చాలు వాళ్ళకి, అందుకే నీ కూతుర్ని వాళ్ళ కంట పడకుండా పక్కకి తప్పిద్దామనుకున్నాను. నువ్వు కదలనన్నావు, ఇక దాగదు. ఇందాక నన్నడిగినట్టు వాళ్ళను అడగగలవా?"

చిన్నక్క చెవికి ఫోను ఆనించుకుని కూతురి వైపు చూసింది. పిచ్చుక ఊడిన జడ తనే అల్లుకుంటోంది, ఏమన్నారమ్మా అన్నట్టు కళ్ళెగరేస్తూ.

హెడ్ మేడం ఇటు తిరిగారు. మొహం మళ్ళీ కరుకుగా ఉంది. "మీ ఆయన్ని అడిగి చెబుతారా?" అన్నారు అందరికీ వినబడేలా.

"ఆయన్ని అడగక్కర్లేదు మేడం," అంది చిన్నక్క. "ఎన్నింటికి రావాలో చెప్పండి."